నీళ్లు తాగడం మానేసిన గోడ

రోజు 1. మధ్యాహ్నం గది వేడి: 29.5

ఈ పుస్తకం గోడల బోర్డు వాళ్లు ఇచ్చారు. గోడ పూసినవాడు, ఇల్లు అప్పగించాక నలభై రోజులు ఆ గోడ వెంట ఉండాలనీ, రోజూ మధ్యాహ్నం రెండింటికి గది ఎంత వేడెక్కిందో రాయాలనీ మొదటి పేజీలోనే అచ్చు వేశారు. గోడలో గుచ్చిన సూది ఆ అంకెని నా ఫోన్‌కి పంపుతుంది, దాన్ని ఎక్కించుకుంటే చాలు. "ఇతర విషయాలు" అని కింద రెండు గీతలు ఇచ్చారు. నా ఇతర విషయాలు రెండు గీతల్లో పట్టవు. అంచుల్లో కూడా రాస్తాను. చదివేవాడు చదువుతాడు, లేకపోతే లేదు.

నా పేరు ఓదేలు. వయసు ఇరవై మూడు. పూత పని నాకు ఎవరూ నేర్పలేదు. పాత గని దగ్గర పాడుబడ్డ కార్మికుల క్వార్టర్ల గోడలు గీకి, ఏ పొర కింద ఏ పొర ఉందో చూసి నేర్చుకున్నాను. సర్టిఫికెట్ లేదు కాబట్టి నా కార్డు మీద "తాత్కాలికం" అని ముద్ర ఉంది. ఈ నలభై రోజుల్లో గోడ చల్లగా నిలబడి, చివర్లో దాని మీద మరక లేకుండా ఉంటే ఆ ముద్ర తీసేసి "మొదటి తరగతి" అని వేస్తారు. చల్లదనం బాగుండి మరకలుంటే రెండో తరగతి. మరక సంగతి ఎవడు పెట్టాడో తెలీదు. గోడని ముఖం అనుకున్నాడేమో.

ఇవాళ గుట్ట టవర్ ఆరో అంతస్తులో 604 అప్పగించాను. గుట్ట అంటే దేవుడు పెట్టింది కాదు, బొగ్గు తవ్విన కాలంలో పైమట్టి తెచ్చి పోసింది. తవ్విన గొయ్యి ఇప్పుడు చెరువు. ఆ చెరువు మీద తేలే సోలార్ పలకల్ని చీకటితోనే పడవలో తిరిగి కడుగుతుంది భూలక్ష్మి. 604 ఆమెది. ఇంట్లో ఆమె అత్త రాజవ్వ, ఏడేళ్ల కూతురు మైత్రి ఉంటారు. మొగుడు సముద్రంలో గాలిమరల మీద పని, ఆరు నెలలకోసారి వస్తాడు. ముగ్గురూ నాలుగు ఎండాకాలాలు, ఎండకి తలదాచుకునే పాత గని సొరంగం శిబిరంలో గడిపి వచ్చారు. చివరి ఏడు రోజుల సగటు 32 దాటితే ఇది "వేడి ఇల్లు" కింద లెక్క. వాళ్లు మళ్లీ సొరంగానికే. ఇంకో ఇల్లు రావడానికి రెండేళ్లు.

అప్పగించేటప్పుడు గట్టిగానే చెప్పాను. "చూడక్కా, ఇది తెల్లసున్నం. ఒక్క వేలు తగిలినా మరకే. చెయ్యి పెట్టనియ్యొద్దు, పసుపు రాయొద్దు, మేకు కొట్టొద్దు. మరక పడితే నాకు సంబంధం లేదు, మీదే పూచీ." గట్టిగా చెప్పకపోతే ఎవరూ వినరు. ఈ అంతస్తులో మిగతా ఐదిళ్లూ నేను పూసినవే. పది రోజుల తర్వాత వాటినీ అప్పగిస్తాను, వాళ్లకీ ఇదే చెబుతాను.

భూలక్ష్మి ఇంట్లో అందరికీ వినపడేలా "సరే తమ్మీ" అంది. గడ్డి పలకలు చుట్టుకొచ్చిన పారదర్శకపు కవర్లు మూలన కుప్పగా పడి ఉంటే, "ఇవి పారేస్తవా? మాకియ్యరాదు" అని అడిగింది. ఆరు అంతస్తులు చెత్త మోసే పని తప్పింది కదా అని ఇచ్చేశాను. అది చూసి పక్కిళ్లకి రాబోయేవాళ్లు కూడా వచ్చి తలా ఓ చుట్ట పట్టుకుపోయారు.

రోజు 3. 29.5

నేను 604కి పోయేది పొద్దున తొమ్మిది దాటాక, భూలక్ష్మి చెరువు నుంచి వచ్చాక. కింద నిలబడి తాడు లాగితే ఆరో అంతస్తులో గంట మోగుతుంది. చెప్పకుండా ఇళ్లలోకి పోకూడదని బోర్డు రూలు. ఆ తర్వాత మెట్లు. లిఫ్టు సామానుకే.

గోడ పని సులువే, అర్థం చేసుకునేవాడికి. తెల్లవారుజామున కిటికీ పలకలు తెరిస్తే చెరువు మీది తడిగాలి వస్తుంది. గోడ తాగుతుంది. తొమ్మిదింటికి పలకలు మూస్తే, ఎండ ముదిరేకొద్దీ తాగిందంతా మెల్లగా వదులుతుంది. కుండ చేసే పనే. వెనక బూడిద ఇటుక, దాని ముందు నొక్కిన వరిగడ్డి పలక, దాని మీద ఈ గుట్ట ఎర్రమన్ను రెండు పూతలు, ఆఖర్న కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపి ఇరవై రోజులు మురగబెట్టిన సున్నం. కంప్రెషర్ లేదు, ఫ్యాను లేదు.

నేను వెళ్లేసరికి రాజవ్వ వాకిట్లోనే ఉంది. "రా బిడ్డా, కూసో" అంటూ కుర్చీ మీది కవర్ తీసింది. అది వాళ్లింట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ. జొన్న అంబలి, ఉల్లిపాయ ముక్క పెట్టింది. నేను తాగుతున్నంతసేపూ ముగ్గురూ గోడని చూస్తున్నారు. నేనూ చూశాను. బాగుంది.

రోజు 9. 30.5

ఒక డిగ్రీ ఎక్కింది. కొత్త గోడకి అది మామూలే అని రాసుకున్నాను. మామూలు కాదని లోపల తెలుసు.

రోజు 12. 31

కిటికీ పక్కన గోడ అంచుకి ఎర్రటి బొట్టుబిళ్ల ఒకటి అంటుకుని ఉంది. నాకు మండింది.

"ఇదేంది?" అన్నాను.

మైత్రి వాళ్ల నాన్నమ్మ చీర వెనక్కి పోయింది. భూలక్ష్మి గబగబా వచ్చి గోరుతో తీసి నుదుటి మీద పెట్టుకుంది. "పొరపాటున అంటింది తమ్మీ. మరక పడలే, సూడు."

చూశాను. మరక లేదు. అంత శుభ్రమైన గోడ ఈ టవర్ మొత్తంలో ఇంకోటి లేదు. అంబలి తాగి వచ్చేశాను.

రోజు 15. 31.5

హర్షిణి మేడంకి ఫోన్ చేశాను. ఈ టవర్ లోపలి అలంకరణ అంతా ఆమె గీసిందే. ఉండేది హైదరాబాదులో. ఆమె గీసిన బొమ్మలో ఈ గోడకి "తాకని తెలుపు" అని పేరు. పేరులోనే ఉంది అసలు తెలివి. ఇంట్లో పిల్లలుంటారు, పొయ్యి ఉంటుంది, తల ఆనించే ముసలవ్వ ఉంటుంది. తాకకుండా ఎక్కడుంటారు, గాల్లోనా?

"మీరు కిటికీ పలకలు సన్నం చేసిండ్రు మేడం. గాలి సరిపోతలేదు."

"నేను మార్చలేదు ఓదేలు. కొలతలు పంపిస్తాను, మీరే చూడండి. మీ చివరి పూతే మందంగా ఉందేమో."

"నా పూత గురించి మీకేం తెల్సు?"

"కిటికీ గురించి మీకెంత తెలుసో, అంతే."

ఫోన్ పెట్టేశాను. కొలతలు పంపింది. సరిగ్గానే ఉన్నాయి. నాకు ఇంకా కోపం వచ్చింది.

రోజు 18. 32

సున్నం మీద అనుమానం. ఈ విడతలో రెండు గంపలు కొత్త బట్టీవి. తొందరగా కాల్చి అమ్మేస్తారని విన్నాను. దాచిపెట్టిన ముద్ద తీసి పలక మీద పూసి, ఆరబెట్టి, నీటి చుక్క వేశాను. చుక్క ఒక్క క్షణం నిలబడి లోపలికి ఇంకిపోయింది. సున్నం మంచిదే. మంచి సున్నాన్ని మూడు రోజులు తిట్టాను.

రోజు 21. 32.5

ఇప్పుడు ఒక్క 604 కాదు. 601, 602, 605, 606 కూడా ఎక్కుతున్నాయి. అయిదిళ్లూ ఒకే తీరు, రెండు మూడు రోజులకి అర డిగ్రీ. అయిదో అంతస్తు ఇంకొకడు పూశాడు. వాడు కాలేజీలో నేర్చుకున్నవాడు. వాడి గోడలు ముప్పై దగ్గర కదలకుండా కూర్చున్నాయి. గచ్చకాయ రంగు, అక్కడక్కడ మచ్చలు, చూడ్డానికి ఏమీ బాగుండవు.

వాడు మెట్ల మీద ఎదురై, "ఏందన్నా, నీ గోడలకు జొరమొచ్చిందట?" అన్నాడు.

మెట్లు దిగిపోయాను. నోరు తెరిచి ఉంటే ఇక్కడ రాయదగ్గది అయ్యేది కాదు.

రోజు 24. 33

ఇవాళ గోడ కోశాను. బీరువా వెనక, అరచెయ్యంత. కోస్తుంటే భూలక్ష్మి రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. రాజవ్వ అటు తిరిగి కూర్చుంది.

లోపల గడ్డి పలక ఎండిపోయి ఉంది. వేళ్ల మధ్య నలిపితే పొడి అయింది. ఎర్రమన్ను పగుళ్లిచ్చింది. ఇరవై నాలుగు రోజుల్లో ఈ గోడ ఒక్క గుక్క తాగలేదు. ఉన్న తడి కాస్తా బయటి ఇటుక ఎండకి పీల్చేసింది. లోపలి నుంచి కొత్త తడి రాలేదు. అంటే పూత తప్పు కాదు, సున్నం తప్పు కాదు. గాలి రావడం లేదు.

"అక్కా, పొద్దుగాల కిటికీలు తీస్తున్నరా లేదా?"

"తీస్తున్నం తమ్మీ."

"రోజూ?"

"రోజూ. నాలుగింటికి నేను చెరువుకు పోయేముందు నేనే తీస్త."

"అబద్ధం. తీస్తే గోడ గిట్లుండది. దుమ్మొస్తదని మూసుకుంటున్నరు. తెల్లగోడ కావాలె, గాలి వద్దు. ఇల్లు పోతే నన్నడగద్దు."

భూలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. రాజవ్వే ఇటు తిరిగింది.

"గని లోపల అబద్ధమాడెటోడు బతకడు బిడ్డా. దీపం ఆరిపోతదంటే ఆరిపోతదనే చెప్పాలె. నా పెనిమిటి అదే జేసిండు, నేను అదే జేసిన, కోడలికి అదే నేర్పిన. కిటికీలు తీస్తున్నం."

నేను అంబలి ముట్టకుండా వచ్చేశాను. కోసిన చోటుని మళ్లీ పూడ్చాను. పూడ్చిన చోట రంగు తేడాగా ఉంది. మరక నేనే పెట్టాను. బీరువా వెనక కదా, కనపడదులే అనుకున్నాను.

రోజు 27. 33.5

బోర్డు నుంచి చీటీ వచ్చింది. "చివరి వారం సగటు పరిమితి దాటే సూచనలున్నవి. కుటుంబం తరలింపునకు సిద్ధంగా ఉండవలెను." ఆ చీటీని వాళ్లకి నేనే చదివి వినిపించాలట. రూలు.

చదివాను. రాజవ్వ లేచి, ట్రంకు పెట్టె తీసి, దుప్పట్లు మడత పెట్టడం మొదలుపెట్టింది. ఏడవలేదు. మైత్రి మాత్రం, "సొరంగంల మల్ల నా పుస్తకాలు నల్లగైతయా నాన్నమ్మా?" అని అడిగింది. అక్షరాలు దిద్దుకునే పుస్తకాలు. రాజవ్వ ఇంకో దుప్పటి అందుకుంది.

నేను వెళ్లిన ప్రతిసారీ వాళ్లు చాలాసేపు తలుపు తీయరు. గంట మోగించి, ఆరు అంతస్తులు ఎక్కినా, ఇంకా లోపల సర్రు సర్రుమని ఏదో లాగుతున్న చప్పుడు. ఇవాళ కూడా. ఎండు గోడ ముందు చీటీ చదవడానికి నేను వస్తే, వాళ్లు మాత్రం తెల్లగా తుడిచిన నేల మీద, కవర్ తీసిన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. మర్యాదకి లోటు లేదు. దాంతో ఇంకా చిరాకు.

రోజు 31. 34

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున నాలుగో అంతస్తులో ఒక గుమ్మం అంచు పూయడానికి వెళ్లాను. పని ఆలస్యమైంది. పదకొండు గంటల కూత అయింది. ఆ కూత తర్వాత నాలుగు దాకా బయట ఎవరూ తిరగకూడదు, పాత గని సైరనే దానికి వాడతారు. టవర్‌లోనే చిక్కుకుపోయాను. ఎలాగూ ఉన్నాను కదా, రెండింటి అంకె వచ్చే సమయానికి గది ఎలా ఉంటుందో నా కళ్లతో చూద్దామని లోపలి మెట్లు ఎక్కాను. కింద గంట మోగించే పనే పడలేదు. ఇన్ని రోజుల్లో మధ్యాహ్నం వెళ్లడం ఇదే మొదలు.

తలుపు మైత్రి తీసింది. నన్ను చూసి కళ్లు పెద్దవి చేసింది. తర్వాత లోపలికి పరుగెత్తుతూ అరిచింది.

"నాన్నమ్మా! గోడన్న వచ్చిండు! కవర్ తియ్యలే!"

గోడ మెరుస్తోంది. ఈ చివర నుంచి ఆ చివరకి, నేల నుంచి కప్పు దాకా, మొదటి రోజు నేనిచ్చిన గడ్డి పలకల కవర్. ముక్కలు ముక్కలుగా కత్తిరించి, ముడత లేకుండా సాగదీసి, అంచుల వెంట జానెడుకొకటి చొప్పున బొట్టుబిళ్లలతో అంటించారు. టేపు వేస్తే సున్నం ఊడొస్తుందని బొట్టుబిళ్లలు. పిల్ల అప్పటికే కుర్చీ ఎక్కి పైవరస బిళ్లలు పీకుతోంది. అలవాటైన చేతులు.

నేను వెళ్లి అరచెయ్యి ఆనించాను. ప్లాస్టిక్కు వేడిగా ఉంది. దాని వెనక నా గోడ ముప్పై రోజులుగా నోరు కట్టేసుకుని ఉంది.

అరిచాను. ఏం అరిచానో రాయను. చాప మీద పడుకున్న రాజవ్వ లేచి కూర్చుని, నేను ఆపేదాకా ఆగింది. భూలక్ష్మి తడి చేతులతో వంటగది గుమ్మంలో నిలబడింది.

"ఎందుకు?" అన్నాను చివరికి. "ఎందుకు గిట్ల జేసిండ్రు?"

"నువ్వే గద బిడ్డా చెప్పినవ్" అంది రాజవ్వ. "ఒక్క వేలు తగిలినా మరకే అన్నవ్. మరక పడితే మీదే పూచీ అన్నవ్. పిల్ల ఉన్న ఇల్లు. పోపు పెడితే పొగ. నేను జారి గోడకు ఒరిగితే? గందుకే కప్పినం."

"మరి నేనొచ్చినప్పుడల్లా..."

"గోడ జేసినోడివి నువ్వు. నువ్వొస్తే కవర్ మీద చూపిస్తమా? సుట్టాలొస్తే కుర్చీ కవర్ తియ్యమా?" అంది భూలక్ష్మి. ఆ రోజు నేను అబద్ధమన్న మాట ఇంకా ఆమె గొంతులోనే ఉంది. "కిటికీలు తీస్తున్నమని చెప్పినం. తీస్తనే ఉన్నం."

తీస్తూనే ఉన్నారు. అది అబద్ధం కాదు. చెరువు గాలి రోజూ వచ్చి ప్లాస్టిక్కుని తడిపి పోయింది.

రాజవ్వ గోడ వైపు చూస్తూ అంది, తనలో తనే: "నాలుగెండకాలాలు ఆ సొరంగంల గోడకు ఒరిగితే ఈపంత నల్లగైతుండె. అన్నం మెతుకు మీద గూడ నలుపే. గిసొంటి తెల్లటిది నా జన్మల నాకు దక్కలే. ఎట్లిడిచిపెడుదు?"

ఈ పుస్తకం నా సంచిలోనే ఉంది. మొదటి పేజీ తీశాను. "మరక పడితే నాకు సంబంధం లేదు, మీదే పూచీ." నా చేతిరాతే. కింద ఇంకో వాక్యం: గట్టిగా చెప్పకపోతే ఎవరూ వినరు. విన్నారు. ఆరిళ్ల వాళ్లూ విన్నారు. బయటికి వచ్చి మిగతా ఐదు తలుపులూ కొట్టాను. నాలుగిళ్లలో కవర్. ఒక్క 603లో పాత నేత చీర కట్టారు, వాళ్లకి చుట్ట అందలేదట. ఆ ఇల్లే ఒక్కటి 30 దగ్గర ఆగింది.

రోజు 32. 33.5

కవర్లు తీయించాను. గోడ ఎలా తాగుతుందో కుండ తెచ్చి చూపించాను. మైత్రికి ముందు అర్థమైంది. "కుండకు కవర్ ఏస్తే నీళ్లు సల్లగైతయా?" అని వాళ్ల నాన్నమ్మనే అడిగింది.

అర డిగ్రీ దిగింది.

రోజు 33. 33.5

దిగలేదు. గంట మోగించకుండా వెళ్లాను. రూలు తప్పాను, రాసుకోండి.

పొయ్యి దగ్గర సగం గోడకి మళ్లీ కవర్. భూలక్ష్మి తప్పు చేసినదానిలా నిలబడింది.

"పోపు పెట్టేటప్పుడొక్కటే తమ్మీ. తీసేస్త మల్ల."

"నిన్న రాత్రి గూడ అదే అన్నది" అంది రాజవ్వ. "తెల్లారేదాక తియ్యలే. నేను తియ్యమన్లే. ఎందుకు అబద్ధం."

లెక్క వేశాను. రేపటి నుంచే చివరి ఏడు రోజులు. రోజుకి అర డిగ్రీ చొప్పున దిగితే సగటు 31.5, ఇల్లు నిలుస్తుంది. ఒక్క రోజు కప్పితే సరిగ్గా 32, అంచు మీద. రెండు రోజులు కప్పితే సొరంగమే. ఇది వాళ్లకీ చెప్పాను. తలలూపారు. కానీ వాళ్ల చూపులు నా మీద లేవు, గోడ మీద ఉన్నాయి. కొత్త చెప్పులు వానలో చేతిలో పట్టుకుని నడిచే మనుషుల చూపు. మా అమ్మదీ అదే చూపు. చెబితే పోయేది కాదు. మచ్చ లేని వస్తువు ఇంట్లో ఉన్నంత కాలం దానికి కవర్ ఉంటుంది.

ఇది అర్థమైంది. నేల మీద కూర్చుని కుర్చీ వైపు చూశాను. ఆ కుర్చీ కవర్ కింద ఎప్పుడూ కొత్తదే. దాని మీద ఎవరూ కూర్చోరు, నేను తప్ప.

లేచి కిందికి పోయాను. బకెట్లో గుట్ట ఎర్రమన్ను కలిపి ఆరు అంతస్తులు మోశాను. కలిపిన మన్నులో కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచాను. గది మధ్యకి, అందరికీ ఎదురుగా కనపడే చోటికి వెళ్లి, తెల్లసున్నం మీద అరచెయ్యి గట్టిగా ఆనించాను. అయిదు వేళ్లూ పడేదాకా తీయలేదు.

"ఓరి నీ చేతులిరుగ!" అని అరిచింది రాజవ్వ. "ఏం జేసినవ్ రా!"

"పాడుజేసిన అవ్వా. ఇగ పాడైంది. మరక పూచీ నాది. ఇగ కవర్ ఎవ్వనికి?"

ఎర్రటి చెయ్యి నుంచి ఒక ధార మెల్లగా కిందికి జారింది. దాన్ని తుడవడానికి భూలక్ష్మి కొంగు తీసింది, మళ్లీ వదిలేసింది.

"నీ కార్డు?" అంది.

"ఉంటది. రెండో తరగతి అయితది."

తర్వాత రాజవ్వ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది. బకెట్ దగ్గరికి వచ్చి, నన్ను భుజంతో పక్కకి నెట్టి, తన చెయ్యి ముంచింది. నా చేతి పక్కనే ఆనించింది. ఆమెది చిన్న చెయ్యి. చిటికెన వేలు వంకర, ఎప్పుడో గని బండి కింద పడిందట.

"పెడితే సక్కగ పెట్టాలె" అంది. "నీది వంకరున్నది."

మైత్రికి ఎవరూ చెప్పక్కర్లేదు. తన ఎత్తులో, కుర్చీ పక్కన, రెండు చేతులూ పెట్టేసింది. ఆఖర్న భూలక్ష్మి. పైగా ఆమె ఆ చేతుల మధ్య బొట్టుబిళ్ల కూడా ఒకటి అంటించింది. అలంకారమట.

తర్వాత పక్కిళ్లకి పోయాను. ఎవరింట్లో వాళ్ల ముందే నా చెయ్యి. 605లో పెద్దాయన పోట్లాటకి వచ్చాడు. రాజవ్వ ఎర్రమన్ను చేతులతోనే వచ్చి ఆయన గుమ్మంలో నిలబడింది. ఆయన సరే అన్నాడు.

రోజు 34. 33

దిగింది. కవర్ లేదు. నేను చూస్తుండగా రాజవ్వ గోడకి వీపు ఆనించి కూర్చుని ఉల్లిపాయలు కోసింది.

రోజు 36. 32

హర్షిణి మేడం ఫోన్. బోర్డు వాళ్ల ఫోటోలు ఆమె దాకా పోయాయి.

"ఓదేలు, ఆ గోడల మీద చేతులేంటి? ఆ గది బొమ్మ ప్రచార పుస్తకంలో వేయాలి మేం."

"వేసుకోండ్రి మేడం. చేతులతోనే."

మొత్తం చెప్పాను. కవర్లు, బొట్టుబిళ్లలు, నేను మొదటి రోజు అన్న మాట, ఆమె గీసిన "తాకని తెలుపు". ఆమె తప్పెంతో నా తప్పెంతో కూడా చెప్పాను. కిటికీల గురించి నేనన్నది తప్పని కూడా ఒప్పుకున్నాను. అది చెప్పడానికి కొంచెం టైం పట్టింది.

ఫోన్ పెట్టేయబోయాను.

"మా ఇంట్లో సోఫాకి పదకొండేళ్లుగా కవరుంది" అంది ఆమె మెల్లగా. "దాని రంగేంటో మర్చిపోయాను."

రోజు 38. 31

601, 602, 605, 606 కూడా దిగుతున్నాయి. వాటికి ఇంకా పన్నెండు రోజుల గడువుంది. అయిదో అంతస్తువాడు వచ్చి చూసి, "గిదేం డిజైనన్నా?" అన్నాడు. ఎర్రమన్ను ఎంత పలచన కలపాలో చెప్పాను. వాడి దగ్గర కోపం చూపించాల్సిన అవసరం కనపడలేదు.

రోజు 40. 30

బోర్డు పరీక్షాధికారి వచ్చాడు. పొట్టి మనిషి, పేరు విఠల్. సూది అంకెలు ఏడూ కూడాడు, రెండుసార్లు. సగటు 31.5. "చల్లని ఇల్లు" అని ముద్ర వేశాడు. రాజవ్వ ట్రంకు పెట్టె మూత తీసి, మడిచిన దుప్పట్లు తీసి, గూట్లో పెట్టడం మొదలుపెట్టింది. ఆయన వెళ్లేదాకా కూడా ఆగలేదు.

తర్వాత ఆయన గోడ ముందు నిలబడి మరకలు లెక్కపెట్టాడు.

"అయిదు చేతులు. బీరువా వెనక ఒక అతుకు. ఒక బొట్టుబిళ్ల" అన్నాడు రాసుకుంటూ. "ఎవరు చేశారు?"

"నేనే సార్" అన్నాను.

"నేను గూడ" అంది రాజవ్వ గూటి దగ్గర నుంచి. "నన్ను గూడ రాస్కో."

నా కార్డు మీద రెండో తరగతి అని ముద్ర పడింది. చూసుకున్నాను. కార్డు జేబులో పెట్టుకున్నాను.

"సూచనలు" అని చివరి పేజీలో బోర్డు ఒక పెట్టె గీసింది. దాంట్లో ఇలా రాశాను: ఇల్లు అప్పగించే రోజున మొదటి మరక పూసినవాడే పెట్టాలి. ఇంటివాళ్ల చెయ్యి పక్కనే పెట్టించాలి. ఆ తర్వాతే తాళంచెవి ఇవ్వాలి. "మరక" అన్న గడి తీసేయాలి. తీయకపోతే, అందులో ఎన్ని చేతులున్నాయో రాయాలి.

పుస్తకం బోర్డుకి ఇచ్చేయాలి. భూలక్ష్మి ఒకసారి చూస్తానని తీసుకుని లోపలికి పోయింది. నేను కుర్చీలో కూర్చుని అంబలి తాగాను. ఇవాళ కుర్చీకి కవర్ లేదు, తీసే పనీ పడలేదు. గోడకి తల ఆనించాను. చల్లగా ఉంది.

ఆమె పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. అట్ట చుట్టూ పారదర్శకపు కవర్, ముడత లేకుండా. నాలుగు మూలలా బొట్టుబిళ్లలు.

"మరకలు పడకుండ ఏసిన తమ్మీ" అంది.

తీసేద్దామని గోరు పెట్టాను. మళ్లీ ఊరుకున్నాను. పుస్తకం నీళ్లు తాగక్కర్లేదు కదా.